ఘాట్ రోడ్డు దిగాలంటే భయమా? ముందు ఆపడం నేర్చుకోండి

కోరాపుట్ నుంచి సాలూరు వైపు బండి మీద దిగాలంటే గుండెల్లో దడ పుట్టేవాళ్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు, కాకపోతే బయటికి చెప్పరు. సెమిలిగుడ, పొట్టంగి దాకా హాయిగా నడిపేస్తారు. సుంకి దగ్గర రోడ్డు మెలికలు తిరగడం మొదలయ్యేసరికి భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, కుడికాలు బ్రేకు మీద నుంచి లేవదు, ఆ టైంలో వెనక లారీ హారన్ వినబడితే ఇక చెప్పక్కర్లేదు. కోరాపుట్ నుంచి జయపురం దిగినా, లక్ష్మీపూర్ మీదుగా రాయగడ దిగినా ఇదే పరిస్థితి. ఎక్కేటప్పుడు లేని భయం దిగేటప్పుడే ఎందుకంటే, ఎక్కేటప్పుడు రేజ్ వదిలేస్తే బండి దానంతట అదే ఆగిపోతుంది, దిగేటప్పుడు మనం ఏమీ చెయ్యకపోతే వేగం పెరుగుతూ పోతుంది. చాలామంది లోయను చూసి భయం అనుకుంటారు గానీ లోపల ఉన్న అసలు అనుమానం ఒకటే: నాకు కావాల్సిన చోట నేను దీన్ని ఆపగలనా?

అందుకే ధైర్యం తెచ్చుకోమనీ, కిందికి చూడొద్దనీ చెప్పేవాళ్ల మాటలు పెద్దగా పనికిరావు. ఆపగలనన్న నమ్మకం చేతికీ కాలికీ రావాలి, అది వచ్చిన రోజు భయం చాలావరకు దారికొస్తుంది. ఆ నమ్మకం ఎలా తెచ్చుకోవాలో నాకు తెలిసినంత వివరంగా చెప్తాను. ఇక్కడ చెప్పేదంతా గేర్ల బండి గురించి, స్కూటీ సంగతి చివర్లో విడిగా చెప్తాను, ఎందుకంటే దాని పద్ధతి వేరు.

ముందు వాలు గురించి ఒక లెక్క. కొండ ప్రాంతాల్లో పెద్ద రోడ్లు ఎంత వాలుగా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు పెట్టింది. మామూలుగా 100 మీటర్లు ముందుకు పోతే 5, 6 మీటర్ల దిగుడు, తప్పనిసరైన చోట 7, 8 మీటర్లు. మలుపుల దగ్గర ఆ వాలును ఇంకాస్త తగ్గించాలని కూడా అందులోనే ఉంది. కంటికి మాత్రం అంతకన్నా చాలా నిటారుగా కనిపిస్తుంది, పక్కన లోయ ఉంటే మరీనూ. మనిషి, బండి కలిపి 200 కిలోలు అనుకుంటే, 100కి 8 మీటర్ల వాలులో బండిని కిందికి లాగే బలం 16 కిలోల బరువుతో సమానం. అంతే. ఆ పదహారు కిలోలను ఆపడానికి మీ దగ్గర ఇంజిన్ ఉంది, ముందు బ్రేకు ఉంది, వెనక బ్రేకు ఉంది. ఈ లెక్క హైవేలకు మాత్రమే సుమా, కొండల మీద పల్లెలకు వేసిన సిమెంటు రోడ్లు కొన్ని దీనికన్నా బాగా నిటారుగా ఉంటాయి. దేవమాలి (1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం) పైకి వెళ్లే రోడ్డు కూడా కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట పెట్టుకోవాల్సింది కాదు.

ఇంజిన్‌తో దిగడం

దిగుడులో మొదటి బ్రేకు ఇంజినే. గేరులో ఉంచి రేజ్ పూర్తిగా వదిలేస్తే వెనక చక్రమే ఇంజిన్‌ను తిప్పాల్సి వస్తుంది, ఆ బరువుకి బండి వేగం అదుపులో ఉంటుంది. గేరు ఎంత తక్కువైతే పట్టు అంత ఎక్కువ. లారీ డ్రైవర్లు పాటించే సూత్రం మనకీ సరిపోతుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఎక్కువ చోట్ల అది రెండు, బాగా వంపుగా ఉన్న మలుపుల్లో ఒకటి, కాస్త తిన్నగా ఉన్న చోట మూడు. గేరు దించడం వాలు మొదలవ్వకముందే అయిపోవాలి, సగం దిగాక వేగం మీద ఉండి దించబోతే బండి కుదుపు ఇస్తుంది, తడి రోడ్డు మీద వెనక చక్రం జారే ప్రమాదమూ ఉంది. దించాక క్లచ్ టక్కున వదలకండి, మెల్లగా వదలండి.

ఇక్కడే మన వైపు ఒక చెడ్డ అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. పెట్రోలు ఆదా అవుతుందని బండి న్యూట్రల్‌లో వేసి, కొందరైతే ఏకంగా ఇంజిన్ ఆపేసి దిగుతారు. దయచేసి ఈ పని చెయ్యకండి. న్యూట్రల్‌లో వేశారంటే మీకున్న మూడు బ్రేకుల్లో ఒకదాన్ని మీ చేత్తో మీరే తీసేసినట్టు, మిగతా రెండింటి మీద మొత్తం భారం పడుతుంది. పైగా ఆదా కూడా లేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) బళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, చాలావాటిలో గేరులో ఉండి రేజ్ వదిలేస్తే ఇంజిన్‌కి పెట్రోలు వెళ్లడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ నడవడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. క్లచ్ పట్టుకుని దిగడం కూడా న్యూట్రల్‌లో దిగడం లాంటిదే. భయపడేవాళ్లు తెలియకుండా చేసే పని ఇదే, టెన్షన్‌లో ఎడమ చెయ్యి బిగుసుకుని క్లచ్ సగం పట్టేసి ఉంటుంది, బండి పరుగెత్తుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. ఆగే ముందు తప్ప ఎడమ చేతి వేళ్లు క్లచ్ మీద ఉండనక్కర్లేదు, హ్యాండిల్ చుట్టూ ఉంటే చాలు.

బ్రేకుల్ని కాల్చేయకండి

200 కిలోల బరువు 500 మీటర్ల ఎత్తు నుంచి దిగిందంటే, ఆ శక్తి మూడు లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి. ఇంజిన్‌కి కొంత వదలకపోతే ఆ వేడిలో ఎక్కువ భాగం బ్రేకులే మింగాలి. కోరాపుట్ ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి నుంచి మైదానానికి దిగడమంటే బ్రేకులకు ఎంత పనో ఊహించుకోండి. వెనక డ్రమ్ బ్రేకు మీద కాలు అలా పెట్టేసి మైళ్లకు మైళ్లు దిగితే లైనర్లు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగనట్టు ఉంటుంది. డిస్క్ బ్రేకులోనైతే ఆయిల్ మరిగితే లివర్ మెత్తగా వేళ్లలోకి వచ్చేస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు, డాట్ 4 అయితే 230 డిగ్రీలకు మరుగుతాయి, కానీ ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చమని కంపెనీలు చెప్పేది అందుకే. మన దగ్గర ఎంతమంది మారుస్తున్నారు? సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఇంజిన్ ఆయిల్ అడుగుతారు, బ్రేకు ఆయిల్ ఊసే ఎత్తరు. ఘాట్ రోడ్డు మీద తిరిగేవాళ్లు ఇది అడిగి మార్పించుకోవాలి.

కాబట్టి బ్రేకును పట్టండి, వదలండి. వేగం మీరు అనుకున్నదానికన్నా పెరిగిందా, రెండు బ్రేకులూ కలిపి గట్టిగానే వేసి వేగం బాగా తగ్గించండి, పూర్తిగా వదిలేయండి, మళ్లీ పెరిగేదాకా ఇంజిన్ చూసుకుంటుంది. వదిలిన ఆ కాసేపట్లో గాలి తగిలి బ్రేకు చల్లబడుతుంది. మెల్లగా అలా రాసుకుంటూ పోవడం భయపడేవాళ్లకు భద్రంగా అనిపిస్తుంది, కానీ కింద మలుపులో నిజంగా అవసరమైనప్పుడు పట్టు దొరకనిది దానివల్లే.

ముందు బ్రేకు అంటే భయం చాలామందికి. ముందుది పట్టుకుంటే తలకిందులైపోతాం అని చిన్నప్పుడు సైకిల్ నేర్పేటప్పుడే చెప్పి ఉంటారు. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది, కాబట్టి ఆపే శక్తి ఎక్కువ ముందు బ్రేకులోనే ఉంటుంది, వెనకదాన్ని మాత్రమే నమ్ముకుంటే చక్రం లాక్ అయి బండి పక్కకు ఈడ్చుకుపోతుంది. రెండు వేళ్లతో మెల్లగా మొదలుపెట్టి పిండుతూ పోవాలి, ఒక్కసారిగా లాగేయకూడదు. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా పట్టాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం లాక్ అవ్వకుండా చూసేది), అంతకన్నా చిన్నవాటికి సీబీఎస్ (ఒక బ్రేకు పడితే రెండు చక్రాలకూ పడేది) అయినా తప్పనిసరి చేశారు. మీ బండికి ఏది ఉందో, ఏబీఎస్ అయితే ముందు చక్రానికేనా రెండింటికీనా, తెలుసుకుని ఉండండి. అది ఉన్నా సరే బండి వంచి ఉన్నప్పుడు ఇసక మీద బ్రేకు కొడితే కాపాడుతుందని అనుకోవద్దు.

సాధన ఎలా

ఇది అసలు భాగం, తొందరపడకండి. మొదట చదునైన ఖాళీ రోడ్డు మీద ముందు బ్రేకుతో ఆపడం అలవాటు చేసుకోండి, 20 వేగంలో, తర్వాత 30లో. తర్వాత మీ ఊళ్లోనే ఒక చిన్న దిగుడు చూసుకోండి. కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ వైపు ఉండేవాళ్లకు వెతకాల్సిన పనే లేదు, ఏ వీధి చివర చూసినా ఒకటి దొరుకుతుంది. పొద్దున్నే రద్దీ లేనప్పుడు వెళ్లండి. ఒక రాయో స్తంభమో గుర్తు పెట్టుకుని, రెండో గేరులో వచ్చి, సరిగ్గా దాని పక్కనే ఆపండి. మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి. గుర్తు దాటి పోతున్నారా, ముందే ఆగిపోతున్నారా గమనించండి. మీరు చూపించిన చోట బండి ఆగడం మొదలైనప్పుడు ఒంట్లో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది. తర్వాత అదే దిగుడు బ్రేకు అస్సలు ముట్టుకోకుండా మొదటి గేరులో దిగి చూడండి, ఇంజిన్ ఎంత పట్టుకుంటుందో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

దిగుడు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరడం కూడా విడిగా నేర్చుకోండి. ఆగేటప్పుడు ఎడమ కాలు కిందపెట్టి కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంచాలి, కుడిచేతి వేళ్లు ముందు బ్రేకు మీద. బయల్దేరేటప్పుడు మొదటి గేరు వేశాక బ్రేకులు మెల్లగా వదలండి. బండి దిగి నిలబెట్టాలంటే ఇంజిన్ ఆపి గేరులోనే వదిలేయండి, వీలైతే ముక్కు ఎత్తు వైపు ఉండేలా నిలపండి, కిందికి తిప్పి న్యూట్రల్‌లో పెడితే సైడు స్టాండు మడుచుకుని బండి జారిపోతుంది.

అసలు ఘాట్ రోడ్డుకు వెళ్లే రోజు ముందు ఎక్కండి, తర్వాత దిగండి. ఎక్కేటప్పుడు మలుపులు, గుంతలు, ఆగడానికి వెడల్పుగా ఉన్న చోట్లు చూసుకోండి. మొత్తం దిగాలని పంతం వద్దు. నాలుగు మలుపులు దిగి, వెడల్పైన చోట ఆగి, చెయ్యి వణుకుతుంటే వణుకు తగ్గేదాకా కూర్చోండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. స్నేహితుల గుంపుతో వెళ్లకండి, మీ వేగానికి ఓపిక పట్టే ఒక్క మనిషితో వెళ్లండి, అతన్ని మీ వెనక రమ్మనండి, ముందు పోనివ్వకండి. ముందు పోయినవాడిని అందుకోవాలని చూడటం దగ్గరే చాలామంది తమ వేగం మర్చిపోతారు.

మలుపులో కళ్లు, చేతులు

బండి కళ్లు చూసిన వైపే పోతుంది. లోయను చూస్తే లోయ వైపు, గుంతను చూస్తే గుంతలోకి. ముందు చక్రం దగ్గర రోడ్డును చూస్తూ దిగితే ఉన్నదానికన్నా వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది కూడా. మలుపు ఎక్కడ విప్పుకుంటుందో అక్కడ చూడండి, గడ్డం ఎత్తి మెడ తిప్పి చూడాలి. వేగం తగ్గించడం, గేరు దించడం అన్నీ మలుపుకు ముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే అయిపోవాలి. లోపలికి వెళ్లాక రేజ్ అతి కొద్దిగా ఇచ్చి సమంగా ఉంచితే బండి కుదురుగా తిరుగుతుంది. మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి, అప్పుడు బరువు చేతుల మీద పడదు, మోచేతులు కాస్త వంచి వదులుగా పెట్టొచ్చు. పళ్లు బిగబట్టారా, ఊపిరి ఆపేశారా అని మధ్యమధ్యలో చూసుకోండి, గట్టిగా ఊపిరి వదిలితే భుజాలు వాటంతట అవే దిగుతాయి.

ఎడమ వైపు తిరిగే హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగిపోయే) మలుపుల్లో లోపలి అంచు బయటి అంచు కన్నా నిటారుగా ఉంటుంది, కాబట్టి లోపలికి మరీ ఒరుసుకుని పోకుండా మీ వరస మధ్యలోనే ఉండండి. కుడి మలుపులో అడ్డంగా కోసేయాలనిపిస్తుంది, ఎదురుగా ఏముందో కనబడనప్పుడు అది ప్రాణం మీదికి తెచ్చే పని. లోయ అంటే భయం కదా అని రోడ్డు మధ్య గీత మీదికి జరిగిపోకండి, అంచుకూ గీతకూ మధ్యలో మీకు కావాల్సినంత జాగా ఉంది. ప్రతి మూసుకుపోయిన మలుపుకు ముందు హారన్ కొట్టండి.

ఇక లారీలు. రాయపూర్, జగదల్‌పూర్ వైపు నుంచి విశాఖపట్నం పోయే సరుకంతా ఎక్కువగా ఈ 26వ నంబరు జాతీయ రహదారి మీదే దిగుతుంది. జయపురంలో మా పెద్దమ్మ కూతురు అంటుంది, "ఒరే తమ్ముడూ, లోయ కన్నా వెనకాల లారీయే నాకు భయంరా, అది హారన్ కొడితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు" అని. దీనికి మందు ఒక్కటే, దాన్ని పోనివ్వడం. బరువుతో దిగే లారీ మీకోసం టక్కున ఆగలేదు, డ్రైవరు మీమీద కోపంతో హారన్ కొట్టట్లేదు, నేను ఉన్నాను అని చెప్తున్నాడు. వెడల్పైన చోటు రాగానే ఎడమ సిగ్నల్ వేసి, పక్కకు ఆగి, చేత్తో వెళ్లమని చూపించండి. అంతదాకా మీ వరసలో మీ వేగంతోనే రండి, కంగారుపడి అంచు మట్టిలోకి దిగకండి. ఎదురుగా ఎక్కే లారీ హెయిర్‌పిన్ దగ్గర రోడ్డు మొత్తం తీసుకుంటుంది, దాని వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలి నుంచి తిరుగుతాయి. మలుపులో దాని పక్కన ఇరుక్కోవద్దు, ముందే ఆగి పోనివ్వండి. ఇరుకైన కొండ రోడ్డు మీద ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇవ్వాలని మన ట్రాఫిక్ నియమాల్లోనే ఉంది.

వేగం ఎంత ఉండాలని అడుగుతారు. కనిపిస్తున్న రోడ్డులో సగం దూరంలో ఆగగలిగే వేగం. గంటకు 40లో ఉంటే, మీరు బ్రేకు పట్టాలని అనుకుని పట్టేలోపు ఒక సెకనులోనే 11 మీటర్లు పోతారు, 20లో అయితే అయిదున్నర. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. కొత్తవాళ్లకు హెయిర్‌పిన్ దగ్గర 15, 20 చాలు.

వాన, మంచు, బరువు

వానాకాలంలో కొండ నుంచి ఎర్రమట్టి, కంకర రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి, మలుపుల్లో నిండు ట్యాంకుల నుంచి డీజిల్ ఒలికిన మరకలు రంగురంగులుగా మెరుస్తాయి. వాటి మీద బ్రేకు, క్లచ్ ఏదీ ముట్టుకోకుండా తిన్నగా దాటండి. చలికాలం పొద్దున్నే పొట్టంగి వైపు మంచు దట్టంగా పడుతుంది, సాధనకు ఆ సమయం అస్సలు వద్దు, ఎండెక్కాక బయల్దేరండి, చీకటి పడకముందే కిందికి చేరండి. సంత రోజుల్లో రోడ్డు పక్కన జనం, జీపులు, మేకలు ఉంటాయి, వేగం ఇంకా తగ్గించాలి. శివరాత్రికి గజపతి జిల్లాలో మహేంద్రగిరి వెళ్లే వాళ్లు ఇంటిల్లిపాదినీ బండెక్కిస్తుంటారు, భయం పోనివాళ్లు ఆ రోజు ఒంటరిగా వెళ్లినా జనంలో దిగడం కష్టమే, జీపు ఎక్కడం మేలు.

వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్లు మీమీదికి జారకుండా వెనక కడ్డీ పట్టుకోమనండి, మలుపులో మీతోపాటే వంగమనండి, భయపడి అటువైపు వాలొద్దని ముందే చెప్పండి. ట్యాంకు మీద బియ్యం మూటలు పెట్టుకుంటే హ్యాండిల్ తిరగదు. మీకే ధైర్యం చాలని రోజుల్లో చిన్నపిల్లల్ని ఎక్కించుకోకండి.

స్కూటీకి గేర్లు లేవు, వేగం బాగా తగ్గి రేజ్ పూర్తిగా వదిలేస్తే లోపలి క్లచ్ విడిపోయి ఇంజిన్ పట్టు పోతుంది, అప్పుడది న్యూట్రల్‌లో ఉన్నట్టే జారుతుంది. రేజ్ చిన్నగా ఇచ్చి వదిలితే మళ్లీ కొంత పట్టుకుంటుంది. అయినా భారం ఎక్కువ బ్రేకుల మీదే, అందుకే స్కూటీ మీద దిగేవాళ్లు ఇంకా నిదానంగా, రెండు బ్రేకులూ కలిపి పట్టి వదులుతూ, మధ్యమధ్యలో ఆగి చల్లార్చుకుంటూ దిగాలి.

ఒకవేళ బ్రేకు పట్టు తగ్గిందనిపిస్తే లివర్‌ను గబగబా నొక్కి వదులుతూ ఉండండి, డిస్క్ బ్రేకులో కొంత పట్టు తిరిగి వస్తుంది. గేర్లు ఒక్కొక్కటిగా దించుతూ రండి, మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి. వేగం తగ్గాక ఎదురుగా ఏమీ లేదని చూసుకుని కొండ వైపు మట్టి అంచుకు చేర్చి ఆపండి, లోయ వైపు కాదు. ఆగాక బ్రేకులు వాటంతట అవి చల్లారేదాకా అరగంటైనా కూర్చోండి. డిస్క్ మీద చెయ్యి పెట్టకండి, చర్మం కాలుతుంది. తొందరగా చల్లారాలని నీళ్లు కూడా పొయ్యకండి, ఎర్రగా కాగిన డిస్క్ వంకరపోతుంది.